నూట నలభై ఒక్క మంగళవారాలు

ఆహ్వానపు ఉత్తరం మూడు పేజీలు. నాలుగుసార్లు చదివాను. రెండో పేజీలో రెండు తప్పులు కనిపిస్తే ఎర్రసిరాతో దిద్ది, ఆ తర్వాతే బీరువాలో పెట్టాను. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన చెయ్యి, ఊరుకోదు.

ఉత్తరంలో సంగతి ఇది. అడవులను, చిత్తడి నేలలను, వాటిలో బతికే జీవాలను కాపాడే పనిలో ఉన్న పద్దెనిమిది మంది, పదకొండు దేశాల నుంచి, జనవరిలో రెండు వారాల శిక్షణకు నెల్లూరు వస్తున్నారు. అందులో ముగింపు సభకు ముందు నాలుగు రోజులు మా పులికాట్ సరస్సు మీద. నేను తొమ్మిదేళ్ళుగా రాస్తున్న పక్షుల లెక్కల పుస్తకాన్ని వాళ్ళు అభ్యాసానికి వాడుకుంటారట. అంతకుముందు నెల్లూరు కాలేజీ లెక్చరరు ఒకాయన మా ఇంటికి వచ్చి, ఆ పుస్తకం పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకెళ్ళాడు. ఆయన పుణ్యమా అని నా సున్నాలు, ఒకట్లు దేశాలు తిరిగాయన్నమాట.

పుస్తకం కావాలని వాళ్ళు రాస్తే, పాఠం చెప్పడానికి నేను కావాలని అర్థం చేసుకున్నాను. తొమ్మిది రోజులు కూర్చుని ఇంగ్లీషులో నలభై నిమిషాల ఉపన్యాసం తయారు చేశాను. గోడ గడియారం ముందు నిలబడి చదివితే యాభై మూడు నిమిషాలు వచ్చింది. పదమూడు నిమిషాలు కోశాను. కోసిన దానిలో గాలి దిశ గురించిన భాగం ఉంది. అది పోయినందుకు రెండు రోజులు అన్నం సహించలేదు.

మా వైపు పని మొదలైన సోమవారం నా మెడలో ఒక కార్డు వేశారు. దాని మీద "స్థానిక సహకారి" అని ఉంది. నా పని ఏమిటని అడిగితే, ఊరివాళ్ళ మాటలు ఇంగ్లీషులో చెప్పడం, బాత్రూమ్ ఎక్కడుందో చూపించడం అన్నారు. పరిచయం చేసుకోవడానికి ఐదు నిమిషాలు ఇచ్చారు. పంతొమ్మిది తీసుకున్నాను. పన్నెండో నిమిషంలో అందరూ చప్పట్లు కొట్టారు. మెచ్చుకుంటున్నారనుకుని, కోసేసిన గాలి దిశను మళ్ళీ కలిపాను. ఆ పంతొమ్మిదిలో నాలుగు నిమిషాలు మాది ఏ జిల్లా అన్నదానికే పోయాయి. మాది చిట్టమూరు వైపు. కాగితాల్లో జిల్లా మారిపోయినా, ఎవరైనా అడిగితే మేమింకా నెల్లూరనే చెబుతాం. మంగోలియా నుంచి వచ్చినాయన ఇదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నా లెక్క పద్ధతి ఇక్కడ చెప్పాలి. రిటైరయ్యాక నాలుగేళ్ళు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటి మెట్లు, కిటికీ ఊచలు, ఎదురింటి గోడ మీది పిడకలు లెక్కపెట్టాను. అవి అయిపోయాక పక్షుల మీద పడ్డాను. మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, సరస్సు ఒడ్డున, చేపలు పట్టి బతికేవాళ్ళ ఊరు ఒకటి ఉంది. అక్కడ నా దగ్గర చదువుకున్న అమ్మాయి, ఆమె భర్త ఉంటారు. వాళ్ళకు పడవ ఉంది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకిప్పుడు నలభై ఆరేళ్ళు. ఏడో తరగతి దశాంశాల పరీక్షలో నూటికి ముప్పై ఒకటి తెచ్చుకుంది. ఆ సంగతి నాకు గుర్తుంది. ఆమెకు కూడా గుర్తుందని నాకు తెలుసు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వారానికోసారి, ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, ఆమె భర్త నన్ను పడవలో వాగు మొగకు తీసుకెళతాడు. వాగు వచ్చి సరస్సులో కలిసే చోటది. నీళ్ళు మోకాటి లోతు, అడుగున మెత్తటి బురద, ఆ బురదలో తలలు ముంచి మేసే ఫ్లెమింగోలు. దూరానికి గులాబీ రంగు చీర ఆరేసినట్టు ఉంటుంది. ఇలాంటి ఉపమానాలు నా పుస్తకంలో లేవు. అంకెలే ఉన్నాయి. తేదీ, వారం, టైము, గాలి, గడకర్ర మీద నీటిమట్టం, ఫ్లెమింగోలు, గూడబాతులు, తక్కిన పక్షులు, ఆఖరున చేపల పడవలు.

వెళ్ళేది ప్రతి మంగళవారం. ఆ రోజు అతని పడవ ఖాళీ. ఈ సీజను కాక తొమ్మిది సీజన్లు, సీజనుకు పదిహేడు మంగళవారాల చొప్పున నూట యాభై మూడు. వానల వల్ల ఎనిమిది, నా కంటి ఆపరేషన్ వల్ల నాలుగు పోగా, నూట నలభై ఒకటి. ఒకసారి వాన వల్ల ఆగిపోతే, "రేపు బుధారం మాకు వంతు లేదు, తీసుకుపోతా రండి టీచరమ్మా" అన్నాడు. వద్దన్నాను. శాస్త్రంలో నిలకడ ఎంత ముఖ్యమో అతనికి అరగంట చెప్పాను. అతను వలలో చిక్కు తీసుకుంటూ ఓపికగా విన్నాడు.

పడవల వరుసలో నూట నలభై ఒక్క చోట్లా సున్నా ఉంది. సున్నా అయినంత మాత్రాన వదిలెయ్యలేదు. ప్రతి పేజీ కింద వాటిని కూడి మొత్తం వేశాను. సీజను చివర సగటు కట్టి, రెండు దశాంశ స్థానాల దాకా రాశాను.

మా వైపు రెండో రోజు అందరినీ సరస్సు మీదికి తీసుకెళ్ళాం. అది మంగళవారం. ఇంకే రోజైనా పద్దెనిమిది మందికి సరిపడా పడవలు దొరకవు. నాలుగు పడవల్లో బయల్దేరి వాగు మొగకు చేరాం. ఎక్కడా వల లేదు, మనిషి లేడు, పక్షులు మాత్రం నీళ్ళు కనపడనంతగా ఉన్నాయి. కెన్యా నుంచి వచ్చినామె నా పక్కన కూర్చుంది. వాళ్ళ దేశంలో అడవి కాపలా పని చేస్తుంది. చాలా పొడగరి, మాట మెత్తన. నా పుస్తకం తిప్పుతూ అడిగింది.

"పడవలు ఎప్పుడూ సున్నాయేనా? చేపలు పట్టేవాళ్ళు ఇంత దగ్గరగా ఉండి కూడా ఇక్కడికి రారా?"

"తొమ్మిదేళ్ళ లెక్క అది. చూసిందే రాశాను" అన్నాను. ఆ జవాబు చెప్పినప్పుడు నేను గడ్డం కొంచెం పైకెత్తాను కూడా. మేం కూర్చున్న నాలుగు పడవలూ కళ్ళ ముందే ఉన్నా ఆ రోజు కూడా సున్నాయే వేశాను. లెక్కకు వెళ్ళిన పడవలు లెక్కలోకి రావని మొదటి పేజీలో నియమం రాసుకున్నాను మరి.

శిక్షణ ఇచ్చే పెద్దాయన ఆ సాయంత్రం నా పుస్తకం చేత్తో ఎత్తి పట్టుకుని, ఒకే చోట, ఒకే గంటలో, ఒకే రోజున ఇన్నేళ్ళు లెక్కపెట్టినవాళ్ళను తాను ఎక్కడా చూడలేదన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది. బుధవారం అంతా వాళ్ళు హాల్లో కూర్చుని, ఆ అంకెల ఆధారంగా వాగు మొగ పరిరక్షణకు ప్రణాళిక రాశారు, పటం గీశారు. శుక్రవారం నెల్లూరులో ముగింపు సభ. జిల్లా నుంచి ఒక అధికారి వస్తారు. ప్రణాళిక బాగుంటే ఫిబ్రవరి నుంచే అమలు చేయించే ఉద్దేశంలో ఉన్నారని చెప్పుకున్నారు.

గురువారం ఆ పటాన్ని ఊరివాళ్ళకు చూపించాలని, ఊళ్ళోని తుపాను షెల్టరులో గోడకు అంటించారు. మధ్యాహ్నం భోజనాల పని నా శిష్యురాలిది, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళది. మామిడికాయ వేసిన చేపల పులుసు, రొయ్యల వేపుడు, అప్పడాలు. ఆమె పులుసు గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ పటం ముందు నిలబడింది. వాగు మొగ మొత్తం ఎర్రగా ఉంది.

"ఏంది టీచరమ్మా ఈ ఎర్రది? సరస్సుకి దెబ్బ తగిలిందా?"

"పక్షులు మేసే చోటు. చలికాలం నాలుగు నెలలు అక్కడికి ఎవరూ పోకూడదని రాశారు."

"ఎవురూ అంటే?"

"ఎవరూ అంటే ఎవరూ."

"మేం గూడానా?"

"మీరు అక్కడికి పోరు గదా" అన్నాను.

ఆమె పటం వదిలి నా వైపు తిరిగింది. "పోమని ఎవురు చెప్పినారు?"

"నా పుస్తకంలో ఉంది."

ఆమె భర్తను కేకేసింది. "ఇట్ట రాయ్యా. మనం వాగు మొగకి పోమంట. టీచరమ్మ పుస్తకంలో రాసుండాదంట."

అతను నీళ్ళ బిందె దించి వచ్చాడు. పటం చూశాడు. "అట్టనా? అయితే శనారం మన వంతు కొంగలకి రాసిచ్చేస్తామా?" అన్నాడు.

వంతు అంటే ఆ ఊరి కట్టుబాటు. వాగు మొగలో రోజుకు ఆరు పడవలకు మించి పోకూడదు. ఊళ్ళో ఉన్నవి యాభై నాలుగు కుటుంబాలు. సీజను మొదట్లో పెద్దలు చీటీలు వేసి వరుస తేలుస్తారు. తొమ్మిది పనిరోజులకు ఒకసారి ఒక్కో ఇంటికి వంతు వస్తుంది. ఈ భాగహారం నేను ఎన్నడో చేసి చూసుకున్నాను. శేషం రాలేదని సంతోషించాను కూడా. వంతు ఉందని తెలుసు, రోజుకు ఆరు పడవలని తెలుసు. అయినా నా పుస్తకంలో ఆ ఆరు ఎందుకు లేవన్న ప్రశ్న తొమ్మిదేళ్ళలో నాకు రాలేదు. పుస్తకం మూసి ఉన్నప్పుడు నాకు తెలిసిన సంగతులు, పుస్తకం తెరిచేసరికి తెలియకుండా పోయేవి.

ఆమె అప్పడం ఒకటి నా చేతిలో పెట్టి అడగడం మొదలుపెట్టింది.

"టీచరమ్మా, మీరు లెక్కకి ఏ వారం వస్తారు?"

"మంగళవారం."

"ఎందుకని?"

"మీ పడవ ఖాళీగా ఉంటుందని."

"ఎందుకు ఖాళీ?"

"మంగళవారం ఊరమ్మకి ఇచ్చిన రోజు. మీరు వల వెయ్యరు."

"మా ఒక్క పడవేనా?"

"ఊరంతా."

"మరి మంగళారం వాగు మొగలో పడవలు ఎన్ని కనపడాల?"

ఏడో తరగతిలో ఆమెను బోర్డు దగ్గర నిలబెట్టి నేను ఇలాగే, ఒక్కో మెట్టూ దిగుతూ అడిగేదాన్ని. ఆమె సుద్దముక్క నలుపుతూ నేల చూపులు చూసేది. నేను అప్పడం నలుపుతూ చూశాను.

"సున్నా" అన్నాను.

"పాసైనారు" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఈ నాలుగు నెలలు మొగలో దొరికే రొయ్యే టీచరమ్మా మాకు ఏడాది కూడు. పిబ్రవరి నించి ఆపేస్తే యాడికి పోవాల? రేపు మీరు వాళ్ళకి చెప్తారా, లేకుంటే నన్ను చెప్పమంటారా? నాకు ఇంగిలీసు రాదు. వస్తే ఈ పాటికే చెప్పుంటా."

చెబుతానన్నాను. అప్పుడే, అక్కడే, పటం పక్కనే నిలబడి చెప్పి ఉండవచ్చు. కెన్యా ఆమె నాలుగు అడుగుల దూరంలో రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించుకుంటోంది. చెప్పలేదు. ముందు ఇంటికి వెళ్ళి పుస్తకం సరిచూసుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. వెళ్ళి నూట నలభై ఒక్క తేదీలూ, ఈ సీజను తేదీలూ చూశాను. ఏదో ఒక వారం నేను పొరపాటున బుధవారమో శుక్రవారమో వెళ్ళి ఉండకపోతానా అని ఆశ. బతుకులో మొదటిసారి నా పుస్తకంలో తప్పు దొరకాలని వెతికాను. దొరకలేదు. ఒక్క మంగళవారం కూడా తప్పలేదు.

తర్వాత చెప్పవలసింది రాసుకున్నాను. మొదటి ప్రతి ఇరవై రెండు వరుసలు వచ్చింది.

శుక్రవారం ఉదయం నెల్లూరు బస్సెక్కి చూస్తే ఆమె అప్పటికే కూర్చుని ఉంది, శుభ్రమైన చీర, తలలో పూలు.

"నువ్వెందుకు?" అన్నాను.

"మీరు చెప్తారో, బాత్రూమ్ చూపించి వచ్చేస్తారో చూసేదానికి" అంది. నా కార్డు సంగతి ఊరంతా తెలిసిపోయినట్టుంది. "ఏం రాసుకున్నారో చదవండి, వింటా."

తెలుగులోకి మార్చి చదివాను. నమూనా సేకరణలో కాలపరమైన పరిమితులు చోటు చేసుకున్నాయని, వాటి ప్రభావం కొన్ని అంశాలపై ఉండే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేమని. ఆమె కిటికీలోంచి చూస్తూ చివరిదాకా వింది.

"ఇందులో తప్పు ఎవురిది?"

"పద్ధతిది."

"పద్ధతి ఎవురిది?"

నేను కాగితం మడిచాను. "నాది."

"ఆ మాట ఇందులో యాడుంది?"

లేదు. ఇరవై రెండు వరుసల్లో "నేను" అన్న మాట ఎక్కడా లేదు. పక్షుల లెక్క గురించి చెప్పిన పంతొమ్మిది నిమిషాల్లో అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు గానీ, తక్కువైతే కాదు.

బస్టాండు నుంచి ఆటోలో సభ జరిగే హాలుకు వెళ్ళాం. కెన్యా ఆమె లేచి ప్రణాళిక వివరించింది. బాగా చెప్పింది. తెర మీద నా చేతిరాత ఇంత పెద్దగా కనిపించింది, 0.00 అని. దాని కింద, ఈ చోటును మూసివేయడం వల్ల ఎవరి జీవనోపాధికీ నష్టం లేదని రాసి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. అధికారి తల ఊపుతూ పటం చుట్టి తన ఫైలు పక్కన పెట్టుకున్నారు. నా పక్కన నా శిష్యురాలు కూర్చుని ఉంది. మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

లేచాను. ఇంగ్లీషులో చెప్పినవి మూడు వాక్యాలు. "నేను లెక్కపెట్టినవన్నీ మంగళవారాలే. మంగళవారం ఆ ఊరివాళ్ళు వల వెయ్యరు, అది నాకు మొదటినుంచీ తెలుసు. మిగతా రోజుల్లో అక్కడ ఆరు పడవలు ఉంటాయి, నేను రాసిన సున్నా తప్పు."

శిక్షణ ఇచ్చే పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అధికారి అడిగారు. "పడవల సంగతి సరేనమ్మా. పక్షుల లెక్కయినా సరైందే గదా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. సరైందేనని నోటి చివరిదాకా వచ్చింది. మింగాను. "అది కూడా మంగళవారం పక్షుల లెక్కే సార్. మిగతా ఆరు రోజులు అవి అక్కడ ఉంటాయో లేదో నేను చూడలేదు" అన్నాను. తొమ్మిదేళ్ళ పని మీద నేనే నిలువునా ఒక గీత గీసినట్టయింది.

కెన్యా ఆమె మైకు పట్టుకుని, "మా దగ్గర జింకల లెక్క జీపు పోయే దారుల వెంట మాత్రమే చేసేవాళ్ళం. జీపు దిగి నడవాలని తోచడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది" అంది. నన్ను ఓదార్చడానికే అందని తెలుసు. అయినా తీసుకున్నాను.

అధికారి నా పక్కనున్న ఆమెను తెలుగులో అడిగారు. "మీ పడవలు పోతే పక్షులు లేచిపోవా అమ్మా?"

ఆమె లేచి నిలబడింది. "గడ వేసుకుంటా పోయే పడవకి లేవవు సార్. పక్కకి జరగతాయి, మళ్ళా వస్తాయి. ఇంజను పెడితే లేచిపోతాయి. రొయ్య గూడా బెదురుతాది. అందుకే మొగలో ఇంజను పెట్టకూడదని మా పెద్దోళ్ళు కట్టు చేసినారు. ఆరు పడవలు, ఇంజను లేకుండా, మంగళారం ఎవురూ లేకుండా. మీరు ఇప్పుడు రాసింది మా వాళ్ళు ఎప్పుడో చేసినారు సార్. మమ్మల్ని తీసెయ్యకుండా చేసినారు."

ఈ మాటలను ఇంగ్లీషులో చెప్పే పని నాది. ఒక్క మాట కూడా కలపలేదు, తియ్యలేదు. గాలి దిశ జోలికి పోలేదు. పద్దెనిమిది మందీ వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. ఐదు రోజుల్లో నా పరిచయాన్ని తప్ప వాళ్ళు ఏదీ అంత దీక్షగా రాసుకోవడం చూడలేదు. నా పరిచయాన్ని రాసుకున్నది కూడా ఒక్క మంగోలియా ఆయనే.

అధికారి ఫైలు పక్కనున్న పటం తీసి శిక్షకుడికి తిరిగి ఇచ్చేశారు. "ఇది ఇప్పుడు నేను తీసుకుపోను. వారంలో అన్ని రోజులూ లెక్క చేసి, ఈ ఊరివాళ్ళను కూర్చోబెట్టుకుని, మళ్ళీ రాయండి. అప్పటిదాకా మొగలో ఎవరి వంతు వాళ్ళు చేసుకోవచ్చు" అన్నారు. ఆమె కూర్చుని, పూలు సర్దుకుని, భర్తకు ఫోన్ చేసింది. "రేపు మన వంతే" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

నాకు కూడా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. శిక్షణలో పాల్గొన్నట్టు. పాఠం చెప్పినట్టు కాదు, పాల్గొన్నట్టు. అది సరైందే.

శనివారం నేను కూడా వస్తానన్నాను. "వస్తే రండి, మాట్లాడకుండా కూర్చోవాల" అంది. ఉదయం ఆరున్నరకు పడవెక్కాను. మంగళవారం నాకోసం పడవలో ఒక ప్లాస్టిక్ స్టూలు వేసేవాడు. ఆ రోజు స్టూలు లేదు. దాని చోటు వల ఆక్రమించింది. వల మీద కూర్చోబోతే అతను "అది కాదు, ఆ పక్క" అన్నాడు. ఆ పక్క తడిగా ఉంది. కూర్చున్నాను.

మొగలో మాతో కలిపి ఆరు పడవలు. మాది కూడా రాయాలా వద్దా అని నా నియమంతో కాసేపు తగువు పడి, రాయాలనే తేల్చాను. పక్షులు మంగళవారం అంత దగ్గరగా లేవు. బాగా అవతల, వాగు అంచున ఉన్నాయి. పడవ మెల్లగా సాగేకొద్దీ ముందున్న గుంపు నాలుగడుగులు పక్కకు నడిచి, మళ్ళీ తలలు ముంచింది. లేచి ఎగరలేదు. నేను పెన్ను తీసి వందలుగా విడగొట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడో వందలో ఉండగా భార్యాభర్తలిద్దరూ నీళ్ళలోకి దిగి వల లాగారు. రొయ్యలు వల నిండా చిటపటలాడుతున్నాయి.

"టీచరమ్మా, ఆ గంప ఇట్ట అందీండి."

"ఒక్క నిమిషం, ఈ గుంపు అయిపోనీ" అన్నాను.

"గుంపు యాడికీ పోదు. రొయ్య పోతాది."

పుస్తకం తడవకుండా ఒళ్ళో ఇరికించుకుని, ఒక చేత్తో గంప ఎత్తాను.

"రెండు చేతుల్తో" అంది.

పుస్తకం పక్కన పెట్టి, రెండు చేతులతో అందించాను.